జాన్ మెగాహెర్న్ క్యాథలిక్ రచయితేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "తనకి విశ్వాసం ఎప్పుడో పోయిందని రాసుకున్న ఐరిష్ నవలాకారుడు జాన్ మెగాహెర్న్‌కి 2006లో చర్చి పూజతోనే అంత్యక్రియలు ఎందుకు జరిగాయి? ఆయన క్యాథలిక్ రచయితా, చర్చి మీద తిరగబడ్డ రచయితా? క్రైస్తవం పెద్దగా తెలియని తెలుగువాళ్లకి ఆయన నవలలు అందుతాయా?"

చివరి దానికి ముందే జవాబు చెప్పేస్తాను: అందుతాయి. తెలుసుకోవాల్సింది బైబిలు కాదు, ఒక ఇంట్లో సాయంత్రం ఎలా గడుస్తుందో తెలిస్తే చాలు. మిగతా రెండు ప్రశ్నలకీ సమాధానం పొడుగ్గా ఉంటుంది. నేను కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పేవాణ్ణి, పైగా గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబంలో పెరిగినవాణ్ణి. ఈ రచయిత మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, అది మినహాయించుకుని చదవండి.

ఐర్లండ్ రచయిత, క్యాథలిక్ మతం అనగానే అందరి నోటా వచ్చే పేరు జేమ్స్ జాయ్స్. చర్చినీ దేశాన్నీ కాదనుకుని 1904లో వెళ్లిపోయాడు, ఆయన సృష్టించిన స్టీఫెన్ డెడలస్ "నేను సేవ చెయ్యను" అంటాడు. అప్పట్నుంచీ ఐరిష్ రచయిత అంటే చర్చితో కొట్లాడి ఓడ ఎక్కేసేవాడు అని ఒక మూస తయారైపోయింది. మెగాహెర్న్ బయోడేటా పైపైన చూస్తే ఆ మూసలో బ్రహ్మాండంగా ఇముడుతుంది: పుస్తకం నిషేధం, ఉద్యోగం ఊడటం, దేశం వదలడం. కానీ ఆయన తిరిగొచ్చాడు. వచ్చి డబ్లిన్‌లో కాదు, పెరిగిన లీట్రిమ్ ప్రాంతంలోనే, ఫాక్స్‌ఫీల్డ్ అనే చోట చెరువు పక్కన చిన్న పొలం కొనుక్కుని, పశువుల్ని పెంచుకుంటూ చివరిదాకా అక్కడే ఉన్నాడు. ఆ తిరిగిరావడం లెక్కలోకి తీసుకోకుండా ఆయన్ని చదివితే చాలా జారిపోతుంది.

అసలు సంగతి ఏమిటంటే, మెగాహెర్న్‌కి మతం ఒకే చేతి నుంచి అందలేదు. అమ్మ చేతిలో అదొక రకం, నాన్న చేతిలో ఇంకో రకం, ప్రభుత్వం చేతిలో మరో రకం. ఈ మూడింటినీ కలిపి "క్యాథలిసిజం ప్రభావం" అనేస్తే పరీక్ష పేపర్లో మార్కులు వస్తాయేమో గానీ నవలలు అర్థం కావు.

ఆయన 1934లో పుట్టాడు, ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. తల్లి సుసాన్ లీట్రిమ్ పల్లెల్లో టీచరు. తండ్రి ఫ్రాంక్ పోలీసు సార్జెంటు, అంతకుముందు బ్రిటిష్‌వాళ్ల మీద స్వాతంత్ర్య పోరాటంలో ఐఆర్‌ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) మనిషి. కాపురం ఒకచోట లేదు. తండ్రి పక్క కౌంటీ రాస్‌కామన్‌లోని కూట్‌హాల్ పోలీసు బ్యారక్స్‌లో ఉండేవాడు, పిల్లలు తల్లితో ఉండేవాళ్లు. తల్లికి రొమ్ము క్యాన్సర్. 1944లో ఆమె చనిపోయేనాటికి జాన్‌కి తొమ్మిదేళ్లు.

ఆ చావు చుట్టూ జరిగింది చెప్పకుండా మెగాహెర్న్ గురించి మాట్లాడలేం. ఆవిడ ఇంకా మంచం మీద ఊపిరితో ఉండగానే, పిల్లల్నీ సామాన్నీ బ్యారక్స్‌కి తీసుకుపోవడానికి తండ్రి లారీ పంపించాడు. ఇనుప మంచాల కీళ్లు తుప్పుపట్టి ఊడిరాలేదు. సుత్తులతో కొట్టి విడదీశారు. ఆ చప్పుడు ఇల్లంతా, ఆవిడ పడుకున్న గదిలోకి కూడా వినపడుతూనే ఉంది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆవిడ పోయింది. అంత్యక్రియలకి పిల్లల్ని తీసుకెళ్లలేదు. పెద్దవాడు బ్యారక్స్‌లో ఒక గడియారం పట్టుకుని ఎవరికీ కనపడకుండా కూర్చుని, ఇప్పుడు పూజ మొదలై ఉంటుంది, ఇప్పుడు శవపేటిక బయటికి తెస్తూ ఉంటారు, ఇప్పుడు మన్ను వేస్తూ ఉంటారు అని ముల్లుని బట్టి లెక్కపెట్టుకున్నాడు. ఈ సంగతులన్నీ 2005లో వచ్చిన ఆయన ఆత్మకథ 'మెమ్వార్'లో ఉన్నాయి. అంతకు ముప్పై ఏళ్ల ముందే 'ది లీవ్‌టేకింగ్' నవలలోనూ ఉన్నాయి. ఆ సుత్తి దెబ్బల్ని రెండుసార్లు రాయకుండా ఆయనకి తీరలేదు.

నేను ఆ గడియారం దగ్గర ఆగమంటాను. తొమ్మిదేళ్ల పిల్లాడికి పూజలో ఏ భాగం ఎంతసేపు పడుతుందో కంఠతా తెలుసు. అందుకే చూడనివ్వని అంత్యక్రియల్లో కూడా దూరంగా కూర్చుని పాల్గొనగలిగాడు. మతం ఆ క్షణంలో వాడికి ఓదార్పు ఇచ్చిందని ఆయన రాయలేదు. ఇచ్చింది ఒక వరస. దుఃఖాన్ని పోసుకోవడానికి ఒక పాత్రలాంటిది. తర్వాత నవలల్లో ఆయన చేసిందీ ఇదేనని నా అభిప్రాయం.

తల్లికి ఒకటే కోరిక: పెద్దకొడుకు ఫాదర్ కావాలి. వాడు తన మొదటి పూజ తన కోసం చెయ్యాలి, తను ఫాదర్‌గారి ఇంట్లో వాడికి వండిపెడుతూ ఉండాలి. పిల్లాడు మాటిచ్చాడు. ఆర్‌సీఎం కుటుంబాల్లో పెరిగినవాళ్లకి ఈ కోరిక కొత్తేమీ కాదు. మా చుట్టాల్లో కూడా పెద్దవాణ్ణి సెమినరీకి (ఫాదర్లని తయారుచేసే బడికి) మొక్కుకున్న తల్లులున్నారు. మెగాహెర్న్ సెమినరీకి వెళ్లలేదు. తల్లిలాగే టీచరయ్యాడు, తర్వాత రచయిత అయ్యాడు. దేవుడికి గురువుగా, అంటే ఫాదర్‌గా, ఉండేకంటే చిన్నదే అయినా సజీవమైన ఒక లోకానికి తనే దేవుడు కావచ్చునని పుస్తకాలు చదివే వయసులో తనకి తోచిందని 'మెమ్వార్'లో రాశాడు. (ఆ పుస్తకాలు ఎక్కడివనుకున్నారు? ఊళ్లో మొరోనీలనే ప్రొటెస్టెంట్ కుటుంబం తమ పాత ఇంట్లోని లైబ్రరీ మొత్తం ఈ క్యాథలిక్ పిల్లాడికి తెరిచిపెట్టింది. ఏం చదువుతున్నావని అడిగినవాళ్లు లేరు. అది వేరే కథ.)

ఇచ్చిన మాట మాత్రం వదల్లేదు. 'ది వైన్ బ్రెత్' అని 1970లలో రాసిన కథ ఒకటుంది, దొరికితే తప్పక చదవండి. అందులో ఒక ఫాదర్ ఎవరింటికో వెళ్తూ, రంపం కింద బీచ్ చెట్టు తెల్లటి చెక్కపేళ్ల మీద పడ్డ వెలుగు చూసి ఆగిపోతాడు. ఎన్నో ఏళ్ల కిందట మంచులో జరిగిన ఒక అంత్యక్రియ కళ్ల ముందుకొస్తుంది. ఆ వెలుగులో నిలబడి తన జీవితం మొత్తం తిరగేసుకుంటాడు. తను గురువయింది తల్లి కోరిక మీద, చావంటే భయం మీద అని అర్థం చేసుకుంటాడు. నా దృష్టిలో అది మెగాహెర్న్ బతకకుండా వదిలేసిన జీవితం. తల్లికిచ్చిన మాట నిలబెట్టుకుని ఉంటే తను ఎలా ఉండేవాడో రాసి చూసుకున్నాడు. ఆ ఫాదర్ మీద వెక్కిరింత ఒక్క వాక్యంలోనూ ఉండదు.

ఇక నాన్న సంగతి. తల్లి పోయాక పిల్లలంతా బ్యారక్స్‌లో తండ్రి చేతికింద పడ్డారు. మనిషి కోపిష్టి, ఎప్పుడు కొడతాడో తెలియదు. కానీ సాయంత్రం జపమాల తప్పనివ్వడు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. కుటుంబ జపమాల అంటే ఐదు పదులు. ఒక్కో పదిలో ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు (మరియమాతని ఉద్దేశించి చెప్పేవి), ఒక త్రిత్వ స్తోత్రం. జపంలో మొదటి సగం ఒకరు పైకి చెప్తే మిగతావాళ్లంతా రెండో సగం అందుకుంటారు. ఒక్కో పది ఒక్కొక్కరు నడిపిస్తారు, పెద్దవాళ్లతో మొదలై పిల్లల దాకా వస్తుంది. మొత్తం పావుగంట, ఇరవై నిమిషాలు. మా ఇంట్లోనూ ఇలాగే ఉండేది, మేం చాప మీద మోకరిస్తే మెగాహెర్న్ మనుషులు సిమెంటు నేల మీద పాత పేపర్లు పరుచుకుని మోకరిస్తారు. ఇంత తెలిస్తే చాలు, ఆయన నవలల్లో తలుపులన్నీ తెరుచుకుంటాయి.

1990లో వచ్చిన 'అమాంగ్స్ట్ విమెన్' ఆయన నవలల్లో పేరెక్కువ తెచ్చుకున్నది, బుకర్ బహుమతి చివరి జాబితాలో నిలిచింది. ఆ పేరే మంగళవార్త జపంలోది. "స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే" అని మనం చెప్పుకునే చోట్లోంచి తీశాడు. కథంతా మైకేల్ మొరాన్ అనే పాత ఐఆర్‌ఏ పోరాటగాడిది. పోరాడి తెచ్చుకున్న దేశంలో ఆయనకి చోటు దొరకలేదు. ఇంగ్లిష్ దొరలు పోయి పెద్ద కుర్చీల్లో మనవాళ్లు కూర్చున్నారు, నా పిల్లల్లో సగంమందికి పైగా ఇంగ్లండ్‌లోనే బతుకుతున్నారు, దీనికా అదంతా అంటాడు. బయట ఓడిన మనిషి ఇంట్లో రాజ్యం చేస్తాడు. రెండో భార్య రోజ్, ముగ్గురు కూతుళ్లు, ఇద్దరు కొడుకులు, వీళ్లే ఆ రాజ్యం. (ఇందులో మెక్వెయిడ్ అని మొరాన్ పాత స్నేహితుడొకడు వస్తాడు. కింద చెప్పబోయే ఆర్చిబిషప్ పేరూ మెక్వెయిడే, కలిపేసుకోకండి.)

మొరాన్ జపమాల ఎప్పుడు తీస్తాడో గమనించండి. ఇంట్లో మాట తడబడినప్పుడు, ఎవరో ఎదురు చెప్పబోతున్నప్పుడు, తన కోపం తనకే సిగ్గనిపించినప్పుడు, ఇక జపం చెప్పుకుందాం అంటాడు. అందరూ మోకరించాల్సిందే. ఆ ఇరవై నిమిషాలూ ఆయన తప్ప ఎవరి సొంత మాటా వినపడదు. కలిసి ప్రార్థించే కుటుంబం కలిసే ఉంటుందని ఆయన తరచూ అంటాడు. అది అమెరికాకు వలసపోయిన ఐరిష్ గురువు ఫాదర్ పాట్రిక్ పేటన్ ఊరూరా ప్రచారం చేసిన నినాదం. మొరాన్ నోట అది విన్నప్పుడల్లా పెద్దకొడుకు లూక్ గుర్తొస్తాడు. వాడు లండన్ వెళ్లినవాడు, తండ్రి కబురు పెట్టినా దూరంగానే ఉండిపోతాడు. ఇంటి జపమాలలో వాడి పది ఖాళీ.

ఇంతవరకే అయితే మతాన్ని పెత్తనానికి వాడుకున్న ముసలాడి కథ అని ముగించవచ్చు, చాలామంది విమర్శకులు అక్కడే ఆగిపోతారు. కానీ ఆ కూతుళ్లు లండన్ నుంచీ డబ్లిన్ నుంచీ సెలవు దొరికితే చాలు ఆ ఇంటికే పరుగెత్తుకొస్తారు. బయట లోకంలో తాము ఎవరో ఏమో, ఆ మోకాళ్ల వరసలో మాత్రం తమ స్థానం ఏదో వాళ్లకి తెలుసు. మొరాన్ చావు మంచం మీద ఉన్నప్పుడు వాళ్లు జపమాల మొదలుపెడతారు. ఆయన "నోరుమూసుకోండి!" అంటాడు. జీవితమంతా ఆయన నడిపించిన జపాన్ని ఆఖర్న ఆయనే ఆపమంటున్నాడు. కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్లీ అందుకుంటారు. పెత్తనం చేతులు మారిందనాలా, ప్రేమ అనాలా, అలవాటు అనాలా? మెగాహెర్న్ చెప్పడు. నేను తరగతిలో ఈ పేజీ చెప్పినప్పుడల్లా పిల్లల మధ్య వాదన జరిగేది, నేను ఆపేవాణ్ణి కాదు.

ఇప్పుడు దీని పక్కన 1963లో వచ్చిన తొలి నవల 'ది బ్యారక్స్' పెట్టి చూడండి. అందులో ఎలిజబెత్ రీగన్ పోలీసు సార్జెంటుకి రెండో భార్య. లండన్‌లో నర్సుగా చేసి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌తో మెల్లగా చనిపోతోంది. అమ్మ చావుని అమ్మ లోపల్నుంచి రాయడానికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు చేసిన ప్రయత్నం అది. ఊరి ఫాదర్ ఆమెని మరియదళం అనే భక్తుల సంఘంలో చేరమంటాడు. మన విచారణల్లో (ఒక్కో చర్చి పరిధిలో) కూడా వారం వారం కూడే ఆ మరియదళమే, 1921లో డబ్లిన్‌లో పుట్టింది. ఎలిజబెత్ నాకు సంఘాలు పడవంటుంది. అలాగైతే నీకు చర్చి కూడా పడదన్నమాట, అదీ ఒక సంఘమే కదా అని ఆయన గద్దిస్తాడు. ఆమె లొంగదు. పల్లెటూళ్లో, 1950ల ఐర్లండ్‌లో, ఒక పోలీసు భార్య ఫాదర్‌కి కాదని చెప్పడం ఎంత సాహసమో ఊహించుకోండి.

అదే ఎలిజబెత్, చావు దగ్గరపడ్డాక, జపమాల తన బతుకులో కలిసిపోయిందని తెలుసుకుంటుంది. ఆ మాటలు, వాటి లయ, మళ్లీ మళ్లీ రావడం ఆమెకి ఇష్టమయ్యాయి. వాటికి అర్థం ఏమిటన్నది, అసలు అర్థం ఉందా లేదా అన్నది ఇక ముఖ్యం కాదు. స్తుతించాలని, పండగ చేసుకోవాలని గుండెలో మిగిలిపోయిన ఆఖరి అవసరాన్ని అవి తీరుస్తున్నాయి. మెగాహెర్న్ మతం గురించి రాసిన అన్ని వాక్యాల్లోకీ నేను దీన్నే పైన పెడతాను. సంఘాన్ని కాదన్న స్త్రీయే జపాన్ని దగ్గరికి తీసుకుంది. మొరాన్ చేతిలో బెత్తంలా పనిచేసిన పూసలే ఆమె చేతిలో ఊపిరి అయ్యాయి. ఒకటి తండ్రి మతం, ఇంకోటి తల్లి మతం. ఆయన జీవితమంతా ఈ రెంటి మధ్యే రాశాడు.

ఇక మూడోది, ప్రభుత్వం చేతిలోని మతం. దీని గురించే అందరూ రాస్తారు కాబట్టి నేను త్వరగా దాటేస్తాను. రెండో నవల 'ది డార్క్' 1965లో వచ్చింది, వెంటనే ఐర్లండ్ సెన్సార్ బోర్డు నిషేధించింది. 1929 చట్టం కింద ఏర్పడ్డ ఆ బోర్డు అప్పటికి వేలకొద్దీ పుస్తకాలు ఆపేసింది. నవల మొదటి పేజీల్లోనే తండ్రి ఒక తిట్టు మాటకి కొడుకుని బట్టలిప్పించి బెల్టుతో భయపెడతాడు. రాత్రిళ్లు తండ్రి పక్కలో పడుకోవాల్సిన పిల్లాడి నరకం, బంధువైన ఫాదర్ ఇంట్లో ఆయన రాత్రిపూట వాడి మంచంలోకి రావడం, పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లాలంటే ఆ కుర్రాడికి పుట్టే వణుకు, అన్నీ ఉన్నాయి. ఐర్లండ్ ఈ విషయాలు బహిరంగంగా ఒప్పుకోవడానికి, పిల్లల మీద జరిగిన అకృత్యాలపై విచారణ జరిపిన ఫెర్న్స్ నివేదిక 2005లో, రయన్ నివేదిక 2009లో వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆయన నలభై ఏళ్ల ముందే రాశాడు, అదీ కేకలు పెట్టకుండా.

అదే ఏడాది ఆయన ఆనికి లాక్సి అనే ఫిన్లండ్ నాటకరంగ కళాకారిణిని చర్చిలో కాకుండా రిజిస్ట్రీ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాడు. అప్పుడాయన డబ్లిన్ క్లాంటార్ఫ్‌లో టీచరు. అప్పట్లో అక్కడి నేషనల్ స్కూళ్లలో జీతం ప్రభుత్వం ఇచ్చేది, మేనేజరు మాత్రం విచారణ గురువు, అంటే ఆ చర్చి ఫాదర్. పెట్టేదీ తీసేసేదీ ఆయనే. సెలవు ముగించుకుని వచ్చేసరికి తరగతిలోకి రానివ్వలేదు, ఉద్యోగం పోయింది. వెనకున్నది డబ్లిన్ ఆర్చిబిషప్ జాన్ చార్లెస్ మెక్వెయిడ్ అని ఆయనకి చెప్పారు. టీచర్ల యూనియన్ దగ్గరికి వెళ్తే, పుస్తకం ఒక్కటే అయితే ఏదో చూసేవాళ్లం, ఇక్కడ మొగుళ్ల కోసం చూస్తున్న ఆడపిల్లలు ఇంతమంది ఉండగా పరాయి దేశపు పిల్లని చేసుకుంటే మేమేం చెయ్యగలం అన్నారట. ఈ ముక్క ఆయన 'మెమ్వార్'లో చెప్పిన తీరు చదివితే నవ్వాగదు, పక్కనే కోపమూ వస్తుంది. ఐరిష్ నాటక రచయిత సామ్యుల్ బెకెట్ నిరసన తెలపడానికి సిద్ధపడ్డాడు. మెగాహెర్న్ వద్దన్నాడు. స్వతంత్రం తెచ్చుకున్న సొంత దేశం ఇలా నవ్వులపాలవుతోందే అని తనకి సిగ్గేసిందని తర్వాత చెప్పాడు. 1967లో చట్టం మార్చి, నిషేధం పన్నెండేళ్లకి దానంతటదే తీరిపోయేలా చేశారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇంత జరిగాక ఎవరైనా చర్చి మీద పగబట్టిన నవల రాస్తారు. ఆయన తొమ్మిదేళ్లు నవలే వెయ్యలేదు. 1974లో వచ్చిన 'ది లీవ్‌టేకింగ్' సరిగ్గా ఈ ఉద్యోగం పోవడం గురించే, కానీ అందులో ఫాదర్ల పాత్ర చిన్నది. బడిలో ఆఖరి రోజు గడుపుతున్న టీచరు బుర్ర నిండా ఉన్నది అమ్మ, ఆ మంచాలు, సుత్తి దెబ్బలు. ప్రభుత్వపు మతం ఆయన జీవితాన్ని తలకిందులు చేసింది గానీ కల్పనలోకి లోతుగా దిగలేదు. లోతుగా దిగింది ఇంట్లోదే.

చర్చి గురించి తను సూటిగా ఏమనుకున్నాడో తెలుసుకోవాలంటే 1993లో రాసిన 'ది చర్చ్ అండ్ ఇట్స్ స్పైర్' వ్యాసం చూడండి. బౌద్ధంలోనో ప్రొటెస్టెంటుగానో పుట్టి ఉండవచ్చు, క్యాథలిక్‌గా పుట్టానంతే అని మొదలుపెడతాడు. చర్చే తన మొదటి పుస్తకం అంటాడు. విశ్వాసం పోయి చాలాకాలమైంది, కానీ ఆ పెంపకం వల్ల మిగిలినదానికి కృతజ్ఞుణ్ణే అంటాడు: ఒక విస్మయం, ఒక పవిత్ర భావం, ఆకాశం కింద ఆడా మగా అందరూ సమానమేనన్న ఎరుక. ఆ వ్యాసంలోనే అధికారంగా మారిన చర్చి మీద గట్టి విమర్శా ఉంది. ఒకే మనిషి రెండూ అన్నాడు, రెండూ నిజంగానే అన్నాడు. ఇంటర్నెట్‌లో ఒకరు ఒక సగం, ఇంకొకరు ఇంకో సగం కోట్ చేసి వాదించుకుంటూ ఉంటారు.

ఆయన దృష్టిలో లీట్రిమ్ జనం కూడా పూర్తిగా చర్చి మనుషులు కాదు. క్రైస్తవం రాకముందటి పూజారులైన డ్రూయిడ్ల కాలం నుంచీ ఎన్నో పైపూతలు వేసుకున్నట్టే దీన్నీ వేసుకుని, లోపల తమ పద్ధతిలో తాము బతుకుతున్నారని 'మెమ్వార్'లో అంటాడు. ఆఖరి నవల 'దట్ దే మే ఫేస్ ది రైజింగ్ సన్' (2002) మొదట్లో ఈ మాటే సరదా సంభాషణగా వస్తుంది. లండన్ నుంచి వచ్చి చెరువు పక్కన స్థిరపడ్డ రట్లెడ్జ్‌ని పొరుగాయన జేమ్సీ పూజకి ఎందుకు రావని అడుగుతాడు. నాకు నమ్మకం లేదు కదా అంటే, మాలో మాత్రం ఎవడికుంది, అయినా వెళ్తాం, అదేమీ అడ్డం కాదంటాడు. మరెందుకు వెళ్తారంటే, అమ్మాయిల్ని చూడటానికి, మాలాంటి మిగతా వేషగాళ్లందర్నీ చూడటానికి అంటాడు.

ఆ నవల చివర్లో జేమ్సీ సోదరుడు జానీ చనిపోతాడు. ఇంగ్లండ్‌లో ఉంటూ ఏటా వేసవిలో ఇంటికొచ్చే మనిషి. శవాన్ని సిద్ధం చేసే పని పూజకి వెళ్లని రట్లెడ్జ్ మీద పడుతుంది. ఇంకొకతని సాయంతో ఒళ్లు కడుగుతాడు, దూది పెడతాడు, గడ్డం గీస్తారు, చేతులకి జపమాల చుడతారు. ప్రతి పనీ ఆచారం ప్రకారం, తొందర లేకుండా జరుగుతుంది. సమాధి తవ్వేచోట తల ఏ వైపు ఉండాలన్న మాట వస్తుంది. తల పడమర ఉండాలి, లేచినప్పుడు ఉదయించే సూర్యుడికి ఎదురుగా ఉంటాడు అంటాడు పాట్రిక్ రయన్. ఈ పాట్రిక్ ఊళ్లో దేన్నీ ఎవర్నీ లెక్కచెయ్యని నోటిదురుసు మనిషి. పునరుత్థానం గురించి ఆ నవలలో అందమైన మాట వాడి నోట పెట్టాడు మెగాహెర్న్.

వాక్యాల మీద ప్రభావం గురించి ఒక్కమాట. 'ది బ్యారక్స్' దీపం వెలిగించే వేళయిందా నాన్నా అని పిల్లలు అడిగే సాయంత్రంతో మొదలవుతుంది, ఎలిజబెత్ పోయాక అదే ప్రశ్న ఉన్న సాయంత్రంతో ముగుస్తుంది. ఆఖరి నవలలో అధ్యాయాలే లేవు. గొర్రెలు ఈనడం, గడ్డి కోత, సంత, క్రిస్మస్, ఈస్టర్ ఒకదాని వెనక ఒకటి వస్తూ ఉంటాయి, అవే పలకరింపులు, అవే జోకులు. మొదటిసారి చదివినవాళ్లు చెప్పిందే చెబుతున్నాడేమిటి అని విసుక్కుంటారు. జపమాలలో అదే జపం యాభైసార్లు వస్తుంది, చెప్పేవాడు మాత్రం ప్రతిసారీ ఒక పూస ముందుకి జరుగుతాడు. ఆయన గద్యం నడిచేదీ ఆ లెక్కలోనే.

ఇక మీ మొదటి ప్రశ్న. 2006 మార్చి 30న ఆయన డబ్లిన్‌లో చనిపోయాడు. ఆర్భాటం లేకుండా ఔగావిలన్ చర్చిలో పూజ జరిపి, అక్కడే తల్లి పక్కన పూడ్చారు. చివర్లో భయపడి మతంలోకి తిరిగొచ్చాడని కొందరు రాశారు, నేను ఒప్పుకోను. ఏడాది ముందు వచ్చిన పుస్తకంలో విశ్వాసం లేదని రాసినవాడు దాన్ని వెనక్కి తీసుకున్నట్టు ఎక్కడా లేదు. లోకులకి జడిసి చేసిన పని అన్నవాళ్లూ ఉన్నారు, లోకులకి జడిసేవాడైతే 1965లోనే చర్చిలో పెళ్లి చేసుకునేవాడు. ఆ ఊళ్లో మనిషిని సాగనంపడానికి ఉన్న పద్ధతి అది. రట్లెడ్జ్ జానీకి చేసినట్టే ఊరు ఆయనకి చేసింది. అమ్మ అంత్యక్రియలకి వెళ్లనివ్వని పిల్లాడు ఆవిడ పక్కన పడుకోవాలనుకోవడంలో సిద్ధాంతం వెతకడం కూడా నాకు అనవసరం అనిపిస్తుంది.

కాబట్టి క్యాథలిక్ రచయిత అన్న మాట ఇంగ్లిష్ నవలాకారుడు గ్రేయమ్ గ్రీన్ లాంటివాళ్లకి వాడే అర్థంలో ఆయనకి సరిపోదు. గ్రీన్ పాత్రలు దేవుడున్నాడా, నన్ను క్షమిస్తాడా అని నలిగిపోతాయి. మెగాహెర్న్ పాత్రలకి ఆ టెన్షన్ తక్కువ, ఇవాళ నాన్న మూడ్ ఎలా ఉంది అన్నదే వాళ్ల టెన్షన్. చర్చి వ్యతిరేకి అన్న మాట 'ది డార్క్' ఒక్కదానికి సగం వరకు అతుకుతుంది, మిగతావాటికి అతకదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, నా సలహా 'అమాంగ్స్ట్ విమెన్'. రెండు వందల పేజీల లోపు పుస్తకం, ఇంగ్లిష్ కూడా తేలిక. ఆ తర్వాత 'మెమ్వార్', దాని వెంటనే 'ది బ్యారక్స్'. 'ది డార్క్' మనసు కాస్త స్థిమితంగా ఉన్నప్పుడు తీసుకోండి, పిల్లల మీద హింస చదవలేనివాళ్లు వదిలేసినా ఫర్వాలేదు. ఆఖరి నవల ఆఖర్లోనే చదవండి, మొదట చదివితే ఏమీ జరగలేదని పక్కన పడేస్తారు. 'ది లీవ్‌టేకింగ్' కొనేటప్పుడు మాత్రం 1984 తర్వాతి ముద్రణేనా అని చూసుకోండి. రెండో సగం నచ్చక ఆయనే తిరగరాశాడు, పాత పుస్తకాల షాపుల్లో అప్పుడప్పుడు మొదటి రూపం తగులుతూ ఉంటుంది.